కత్తి నూరడానికి ఏం కొనాలి? ముందు మీ బొటనవేలిని అడగండి

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండి. పొద్దున్నే ఇంతమంది చేతిసంచుల్లో కత్తులు పెట్టుకుని లిఫ్టు దిగుతుంటే మన వాచ్‌మన్ కంగారుపడి నాకు ఫోన్ చేశాడు, "సార్, మీటింగే కదా?" అని. (నవ్వులు) మన అసోసియేషన్ మీటింగుల్లో కత్తులు నూరుకోవడం కొత్తేమీ కాదుగాని, అదంతా ఇప్పటిదాకా మెయింటెనెన్స్ బిల్లు మీద మాటల్లోనే జరిగింది. ఇవాళ నిజంగా నూరదాం.

నేను బాలానగర్‌లో ఒక టూల్ రూములో 22 ఏళ్ళు పనిచేశాను. లేత్ మీద వాడే టూళ్ళు, డ్రిల్ బిట్లు నూరడం రోజువారీ పని. అలాంటివాడి ఇంట్లో కూరగాయల కత్తికి పదునుండాలి కదా? ఉండేది కాదు. మా ఆవిడ టొమాటో కోయాలంటే ముందు కత్తి మొనతో ఒక పొడుపు పొడిచి, ఆ చిల్లులోంచి కత్తి దూర్చి కోసేది. మీలో ఎంతమంది అలా కోస్తారో చేతులెత్తక్కర్లేదు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. (నవ్వులు) "ఊళ్ళోవాళ్ళ ఇనుమంతా నూరి వస్తారు, ఇంట్లో టమాటా తెగదు" అని ఆవిడ అన్న రోజున సరేనని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఐదారేళ్ళలో రాళ్ళు, కడ్డీలు, బిగించే మిషన్లు, డబ్బాలు చాలానే కొన్నాను. ఈ బల్ల మీద ఉన్నవన్నీ అవే. సగం దండగ ఖర్చు.

అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, ఏ సిస్టమ్ కొనమంటారు అని. చెప్తాను. కానీ దానికంటే ముందు ఒక చిన్న విషయం వేలికి తెలియాలి, అది తెలియకపోతే మీరు ఎంత ఖరీదైనది కొన్నా మళ్ళీ టొమాటోని పొడవాల్సిందే.

కత్తి అంచు అంటే ఏంటండి? రెండు వాలు గోడలు కలిసే గీత. కొత్తలో ఆ గీత మందం మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే తక్కువుంటుంది, మన వెంట్రుక చూస్తే దాదాపు 70 మైక్రాన్లు. వాడేకొద్దీ ఆ గీత ఒక పక్కకి ఒరుగుతుంది, కొన్నిచోట్ల పెచ్చులు ఊడుతుంది, కొన్నిచోట్ల అరిగి గుండ్రంగా అవుతుంది. మెత్తటి వస్తువులేగా కోసేది, ఇనుమెలా పోతుంది అంటారు. 2020లో అమెరికాలో ఎమ్ఐటీ యూనివర్సిటీ వాళ్ళు షేవింగ్ బ్లేడుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. గడ్డం వెంట్రుక ఆ ఉక్కు కంటే 50 రెట్లు మెత్తన, అయినా సరే వెంట్రుక తగిలే కోణం సరిగ్గా కుదిరినచోట అంచు పెచ్చులూడుతోంది. ఇక మన ఇంట్లో స్టీల్ పళ్ళెంలో పెట్టి నిమ్మకాయ కోయడం, గ్రానైట్ గట్టు మీదే పచ్చిమిర్చి తరగడం, వేసవి వచ్చిందంటే ఆవకాయకి టెంకతో సహా ఇదే కత్తితో కొట్టడం... దాని గతేంటో ఆలోచించండి. చెక్క గానీ ప్లాస్టిక్ గానీ పెట్టుకుని దాని మీద కోస్తే సగం నూరుడు తప్పుతుంది. గాజు పలకలు అమ్ముతారు చూడండి పువ్వుల బొమ్మలేసి, అవి గోడకి తగిలించుకోవడానికి బావుంటాయి.

సరే, మొద్దుబారిన అంచుని రాయి మీద ఒకవైపు రుద్దుతూ పోతే ఏమవుతుంది? లోహం అరిగి అరిగి, అంచు చివరదాకా వచ్చేసరికి ఇక నిలబడలేక అవతలి వైపుకి సన్నటి రేకులాగా మడత పడుతుంది. దాన్ని బర్ అంటారు. కంటికి సరిగ్గా కనపడదు, బొటనవేలికి తెలుస్తుంది. ఇదిగో, ఈ కత్తి ముందు వరసలో అందరూ ఒకసారి చూసి వెనక్కి పంపండి, జాగ్రత్త. వేలిని అంచు వెంబడి జరపొద్దు, తెగుతుంది. కత్తి వెన్ను దగ్గర పెట్టి అంచు వైపుకి, బయటకి జార్చండి. ఒకవైపు నున్నగా జారిపోతుంది. రెండోవైపు చివర్లో చర్మానికి ఏదో పట్టుకున్నట్టు, పిల్లి నాలుకలా గరగరమంటుంది. తెలిసిందా? ఆ గరగరే బర్. పిడి దగ్గర్నుంచి మొనదాకా ఎక్కడా తెగకుండా అది వచ్చిందంటే ఆ వైపు పని అయిపోయినట్టు. మధ్యలో ఒక అంగుళం మేర రాలేదంటే అక్కడ రాయి ఇంకా అంచుని తాకనే లేదన్నమాట, మీరు గంటసేపు రుద్దినా సరే. రెండోవైపు కూడా ఇలాగే తెప్పించాలి, ఆ తర్వాత ఆ బర్‌ని మెల్లగా తీసేయాలి. తీయకుండా వదిలేస్తే కత్తి మొదటి రోజు అదరగొడుతుంది, మూడో రోజుకి ఆ రేకు విరిగిపోయి మళ్ళీ మొద్దు. "నూరిస్తే రెండ్రోజులే ఉంటోందండీ" అని చాలామంది అంటారు చూడండి, కారణం ఇదే.

నా మాటంతా ఇంతేనండి నిజానికి. బర్ తెప్పించడం, బర్ తీయడం. బజార్లో దొరికే సిస్టములన్నీ ఈ రెండు పనులకి రకరకాల దారులు.

ఇప్పుడు బల్ల మీదకి వద్దాం. ఈ చిన్న డబ్బా అందరిళ్ళలో ఉంటుంది, కత్తిని గాడిలో పెట్టి నాలుగుసార్లు లాగేది. లోపల వీ ఆకారంలో రెండు కార్బైడ్ ముక్కలుంటాయి, ఉక్కు కంటే గట్టివి. అవి నూరవు, గీకుతాయి. కత్తి లాగాక కింద కాగితం మీద చూడండి, సన్నటి ఇనుప పీచు రాలుతుంది, అదంతా మీ కత్తే. అంచు రంపంలా అవుతుంది కాబట్టి టొమాటో తెగుతుంది, అబ్బ ఎంత బావుంది అనిపిస్తుంది. వాడేకొద్దీ పిడి దగ్గర గాడి అందని చోట అలాగే ఉండిపోయి, దాని పక్కన నుంచి కత్తి లోపలికి గుంటపడుతుంది, పలక మీద పెడితే మధ్యలోంచి వెలుతురు కనిపిస్తుంది. నేను దీన్ని తిట్టను. నూటయాభై రూపాయల కత్తికి, టైము లేని ఇంట్లో, ఇది చాలు. కానీ మీ అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన జపాన్ కత్తిని మాత్రం ఇందులో పెట్టొద్దు. అది రాక్‌వెల్ లెక్కలో 60 దాకా గట్టిదనం ఉన్న ఉక్కు, గట్టిగా ఉండేది పెళుసుగా కూడా ఉంటుంది, పెచ్చులూడిపోతుంది. మన మామూలు స్టెయిన్‌లెస్ కత్తులు 52 నుంచి 56 మధ్య ఉంటాయి, అవి ఓర్చుకుంటాయి.

ఇక నీళ్ళు లేకుండా తిరిగే పొడి చక్రం సంగతి. వీధిలో సైకిల్ స్టాండు వేసి తొక్కుతూ సాన పట్టే ఆయన చక్రం అయినా, ఇంట్లో కొనుక్కునే గ్రైండర్ అయినా ఒకటే జాగ్రత్త. నిప్పురవ్వలు వస్తుంటే చూడ్డానికి బావుంటుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. కానీ అంచు సన్నగా ఉంటుంది కాబట్టి క్షణంలో వేడెక్కిపోతుంది. టూల్ రూములో ఇది నాకు మొదటి నెలలోనే నేర్పారు, అయినా ఇంట్లో తొందరలో మా అమ్మ చాకుని చక్రం మీద పెట్టి నీలం తిప్పేశాను. ఉక్కు మీద నీలం రంగు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు తగిలినట్టు, అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎన్నిసార్లు నూరినా మొన దగ్గర అర అంగుళం పదును నిలవలేదు. ఆ నీలం అరిగిపోయేదాకా మా అమ్మ ఆ చాకు నాకు చూపిస్తూనే ఉంది. స్వీడన్ వాళ్ళ టోర్మెక్ లాంటివి చక్రాన్ని నీళ్ళలో ముంచి నెమ్మదిగా తిప్పుతాయి, వాటితో ఆ బాధ లేదు. బెల్టు తిరిగే చిన్న మిషన్లు కూడా ఒక్కచోట ఆపకుండా లాగితే పర్లేదు. అయితే ఇంట్లో ఉన్న మూడు కత్తుల కోసం అంత డబ్బు పెట్టాలా అన్నది మీ ఇష్టం, నేనైతే పెట్టను.

ఇది బిగించే రకం. కత్తిని క్లాంపులో పట్టించి, కడ్డీకి కట్టిన రాయిని ఈ చిల్లులోంచి పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తాం. ఈ లాన్‌స్కీ కంపెనీ దాంట్లో 17, 20, 25, 30 డిగ్రీలకి నాలుగు చిల్లులుంటాయి, కాబట్టి చెయ్యి వణికినా కోణం మారదు. మొదటిసారి నూరేవాళ్ళకి దీంతో పదును వచ్చినంత ఖాయంగా ఇంకదేంతోనూ రాదు. ఇబ్బంది ఏంటంటే బిగించడానికి ఐదు నిమిషాలు, పొడుగు కత్తయితే మొన దగ్గర కోణం కొంచెం మారుతుంది, పండ్లు కోసే సన్నటి చాకుని సరిగ్గా పట్టదు. ఓపికున్న మగవాళ్ళకి ఆదివారం ఇది మంచి కాలక్షేపం. (నవ్వులు) నాదైతే ఇప్పుడు అటక మీదే ఉంటుంది, మీకోసం దించాను. ఆ పక్కన ఉన్నది దొర్లించే రకం, అయస్కాంతం దిమ్మకి కత్తి అతుక్కుంటుంది, ఈ గుండ్రటి రాయిని దాని పక్కన అటూ ఇటూ దొర్లించడమే. దిమ్మ ఒకవైపు 15, ఇంకోవైపు 20 డిగ్రీలు. సులువుగా ఉంటుంది, కాకపోతే బాగా మొద్దుబారిన కత్తికి చాలాసేపు పడుతుంది, చాలామంది బర్ రాకముందే విసుగొచ్చి ఆపేస్తారు. ఆపేసి మిషన్ పనిచేయలేదంటారు.

ఇక రాయి. నన్నడిగితే ఇదే.

మన పెద్దవాళ్ళకి ఇది కొత్తా? రోటి అంచు మీద, గడప దగ్గర నాపరాయి మీద కత్తి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి వెళ్ళి కూర తరిగేవాళ్ళు. ఇప్పటికీ మీ దగ్గర ఏమీ లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి, అడుగున మెరుపు లేని గరుకు చుట్టు ఉంటుంది కదా, అత్యవసరానికి అదే సాన. ఇంకో సంగతి, మీరు కొనే తెల్లరాయీ ఎర్రరాయీ చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్, దాన్ని ఇంగ్లీషులో కోరండమ్ అంటారు. ఆ పేరు వెళ్ళింది మన దక్షిణాది నుంచే, తమిళంలో కురుందం, మనం కురువిందం అంటాం. నల్లగా బూడిదరంగులో ఉండేది సిలికాన్ కార్బైడ్, 1891లో ఎడ్వర్డ్ ఆచెసన్ అనే ఆయన వజ్రం తయారుచేద్దామని బంకమట్టీ బొగ్గూ కలిపి కరెంటు పెట్టి కాలిస్తే ఇది వచ్చింది. ఆయన పెట్టిన పేరే కార్బోరండమ్, హార్డ్‌వేర్ షాపులో ఇప్పటికీ కార్బోరండం రాయి అంటేనే ఇస్తారు. ఒకవైపు గరుకు, ఇంకోవైపు నున్న, నాలుగైదు వందల్లో వచ్చేస్తుంది. దాంతో మొదలుపెట్టినా తప్పులేదు.

రాయి ఎంత గరుకో చెప్పే నంబర్ల గురించి టెన్షన్ వద్దు. 400 అంటే గరుకు, పెచ్చులూడిన కత్తికి. 1000 అంటే మామూలు పని, జపాన్ లెక్కలో ఆ రేణువు 11, 12 మైక్రాన్లు. 6000 అంటే మెరుగు. యూట్యూబ్ చూసి 8000 రాయి కొన్నాయన మా దగ్గర ఒకాయన ఉన్నాడు, కత్తిలో మొహం చూసుకోవచ్చు, టొమాటో మాత్రం జారిపోతుంది. టొమాటో తోలుకి, వంకాయకి, మిరపకాయకి అంచుకి కొంచెం పళ్ళుండాలి. 1000 దగ్గర ఆగండి. మహా అయితే 3000. ఒక 1000 రాయి, ఒక పాత తోలు బెల్టు, ఇంతే నా సిఫార్సు. చెయ్యి నిలవదు అనిపిస్తే బిగించే రకం కొనండి, అది కూడా రాయే, పట్టుకునేది వేరే వాళ్ళు అంతే.

నీళ్ళా నూనెనా అని అడుగుతారు. నీళ్ళు. నేను కొత్తలో కార్బోరండం రాయి మీద కొబ్బరినూనె పోశాను, ఇంట్లో చేతికందింది అదే. డిసెంబరు నెల. పొద్దున చూస్తే రాయి రంధ్రాలన్నింట్లో నూనె గడ్డకట్టుకుని ఉంది, ఇనుప పొడితో కలిసి నల్లటి జున్నులా. కిరసనాయిలు పోసి, పాత టూత్‌బ్రష్‌తో రెండు రోజులు తోమాను, బాల్కనీ అంతా కంపు. వంటనూనె అయితే ఇంకా దరిద్రం, జిగురుగా మారిపోతుంది. ఒకసారి నూనె తాగిన రాయి నీళ్ళని మళ్ళీ దగ్గరికి రానివ్వదు. నానబెట్టాల్సిన రాయి అయితే బుడగలు ఆగేదాకా, పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. కొన్ని రాళ్ళకి పైన నీళ్ళు చిలకరిస్తే చాలు, నానబెడితే పాడవుతాయి, డబ్బా మీద రాసుంటుంది. తడిబట్ట మడిచి దాని మీద రాయి పెట్టుకుంటే కదలదు.

ఇప్పుడు చేసి చూపిస్తాను, వెనక ఉన్నవాళ్ళు ముందుకి రండి, పిల్లల్ని కాస్త దూరంగా ఉంచండి. కోణం ఎలా తెలుస్తుంది? కత్తిని రాయి మీద నిట్టనిలువుగా నిలబెట్టాను, ఇది 90. సగానికి వంచాను, 45. మళ్ళీ సగం, 22కి కాస్త ఎక్కువ. దానికంటే ఒక పిసరు కిందకి, అంతే, మన వంటింటి కత్తికి 18, 20 చాలు. కొలిచి చూడాలంటే, ఈ కత్తి వెడల్పు 2 సెంటీమీటర్లు, వెన్ను రాయి నుంచి 7 మిల్లీమీటర్లు లేస్తే 20 డిగ్రీలు, 5 మిల్లీమీటర్లయితే 15కి దగ్గర. సరిగ్గా ఎంత అన్నదాని కంటే మారకుండా పట్టుకోవడం ముఖ్యం. దానికి ఇంకో చిట్కా, పర్మనెంట్ మార్కర్‌తో అంచు వాలు మీద నల్లగా పూసి రెండుసార్లు రుద్దండి. ఇదిగో చూడండి, సిరా పైన పోయింది, అంచు దగ్గర అలాగే ఉంది. అంటే నేను మరీ పడుకోబెట్టేశాను. వెన్ను కొంచెం లేపుతున్నాను... ఇప్పుడు మొత్తం పోయింది. ఇదీ కోణం. దీన్ని మణికట్టు గుర్తుపెట్టుకోవాలి, కాబట్టి మణికట్టు కదపకుండా భుజం నుంచి తోయండి.

బలం ఎంత అంటే, వంటింటి తూకం మీద రాయి పెట్టి నొక్కి చూసుకోండి, మొదట్లో కిలో దాకా పర్లేదు, బర్ వచ్చాక వంద రెండొందల గ్రాములకి మించకూడదు. అందరూ చేసే తప్పు చివరిదాకా బరువు పెట్టడమే. ఈ బూడిదరంగు బురద వస్తోంది చూశారా, కడిగేయకండి, అది కూడా నూరుతుంది. మొన దగ్గరికి వచ్చేసరికి పిడి కొంచెం పైకెత్తాలి, అక్కడ కత్తి వంపు తిరిగింది కాబట్టి. ఇప్పుడు వేలితో చూస్తే... పిడి దగ్గర వచ్చింది, మధ్యలో వచ్చింది, మొన దగ్గర రాలేదు. ఇంకో ఇరవైసార్లు అక్కడే. ఆ, వచ్చింది. తిప్పి రెండోవైపు. (కొంతసేపు నూరే శబ్దం) ఇప్పుడు ఒకటి అటు, ఒకటి ఇటు, పూచికపుల్ల పట్టుకున్నంత తేలికగా, పది పదిహేను. తర్వాత తోలు బెల్టు మీద అంచు వెనక్కి ఉండేలా లాగడం, మంగలి షాపులో కత్తికి చేస్తారే, అదే. తోలు లేకపోతే జీన్స్ ముక్క, అదీ లేకపోతే న్యూస్ పేపర్ మడత.

అయిందా లేదా అన్నది సెల్‌ఫోన్ లైటు చెబుతుంది. అంచుని మీ వైపుకి పెట్టి లైటు వేయండి. మొద్దుగా ఉన్నచోట తెల్లగా మెరుస్తుంది, పదునున్నచోట వెలుగు నిలబడే జాగా ఉండదు కాబట్టి ఏమీ కనపడదు. ఇక్కడ చిన్న చుక్క మెరుస్తోంది, అక్కడో చిన్న పెచ్చు ఉంది, పర్లేదు, వచ్చేసారికి పోతుంది. వారానికోసారి తోలు మీద లాగి, రెండు మూడు నెలలకోసారి రాయి మీద పెడితే ఒక ఇంటికి సరిపోతుంది. రాయి కూడా మధ్యలో గుంటపడుతుందండి, దాని మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, నీళ్ళపేపర్‌ని, అంటే తడిపి వాడే గరుకు కాగితాన్ని, చదునైన గాజు మీద పెట్టి గీతలు పోయేదాకా రుద్దుకోవాలి. నేను మొదటి రాయిని రెండేళ్ళు అలా చేయకుండా పడవలా తయారుచేశాను.

అవునండీ, కళ్ళనీళ్ళ సంగతి మర్చిపోయాను. 2025లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ఉల్లిపాయ కోస్తుంటే హైస్పీడ్ కెమెరా పెట్టి చూశారు, మొద్దు కత్తి పొరని నొక్కి నొక్కి పగలగొట్టడంతో తుంపర్లు ఎక్కువగా, వేగంగా ఎగురుతున్నాయి. పదును కత్తితో నిదానంగా కోస్తే తగ్గుతాయి. పిల్లాడి కళ్ళకి గాగుల్స్ పెట్టి ఉల్లిపాయలు కోయించే ఫస్ట్ ఫ్లోర్ వాళ్ళు గమనించాలి. (నవ్వులు)

ఏంటమ్మా? కత్తిపీటా? మంచి ప్రశ్న. కత్తిపీటని రాయి దగ్గరికి తీసుకెళ్ళలేం, రాయినే కత్తిపీట దగ్గరికి తేవాలి. పీట మీద ఎప్పటిలాగే కాలు పెట్టి కదలకుండా తొక్కిపట్టండి, చిన్న రాయి ముక్క, సబ్బుబిళ్ళంత, తడిపి, అంచు మీదకి కాకుండా అంచు నుంచి బయటకి పోయేలా వంపు వెంబడి తోయండి, వేళ్ళు రాయి దాటి బయటకి రాకుండా. మార్కర్ చిట్కా, బొటనవేలి పరీక్ష దీనికీ అవే. పాత ఇనుప కత్తిపీట అయితే అయ్యాక తుడిచి చుక్క నూనె రాయకపోతే సాయంత్రానికి తుప్పు. పైన కొబ్బరి కోరే పళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి. రంపంలా పళ్ళున్న బ్రెడ్డు కత్తి కూడా అంతే, దాన్ని ఈ రాయి మీద పెట్టొద్దు.

మీదేనా అండీ ఇది, అర అంగుళం పెచ్చు ఊడింది? టెంక కొట్టారా? అనుకున్నాను. దీనికి 400 రాయి కావాలి, ఒక అరగంట పడుతుంది, దీన్ని పక్కన పెట్టి ఆఖర్న చూద్దాం. ముందు ఆ ఆకుపచ్చ పిడి చాకు ఇటివ్వండమ్మా, మార్కర్ మీరే పూయండి. ఆ టొమాటోలు కూడా కాస్త దగ్గరికి జరపండి, ఎవరూ పొడవకండి.